చుక్కలూ లెక్కలూ

ధర్మపురి అనగానే తెలుగువారికి గోదావరి ఒడ్డు, నరసింహస్వామి గుడి గుర్తొస్తాయి. ఈ అధ్యాయంలో వచ్చేది ఆ ధర్మపురి కాదు. తమిళనాడులో సేలానికీ కృష్ణగిరికీ నడుమ ఉన్న జిల్లా. 1965లో సేలం నుంచి విడివడింది. 2004లో దాని ఉత్తర భాగం మళ్లీ కృష్ణగిరి జిల్లాగా చీలింది. హోసూరు మొదలుకొని ఇక్కడి దాకా ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. సేలం నుంచి మంజవాడి కనుమ దాటి హరూరు వెళ్లే దారిలో, పాప్పిరెడ్డిపట్టి తాలూకాలో ఉంది ఏ. పళ్లిపట్టి.

ఈ దారిలోని ఏదో ఒక ఊళ్లో ఇరవై రెండేళ్ల అమ్మాయి ఒకరోజు మోకాళ్ల కింద గుండుసూది మొనంత ఎర్రచుక్కలు చూసుకుందనుకుందాం. నొప్పి లేదు, దురద లేదు. రెండు రోజులకు తొడ మీద నల్లగా కమిలిన మచ్చ. ఎక్కడ తగిలిందో గుర్తు లేదు. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. ఈసారి నెలసరి ఎనిమిదో రోజుకు కూడా ఆగలేదు. ఇంట్లో పెద్దవాళ్లు వేడి చేసిందంటారు. కొబ్బరినీళ్లు, మజ్జిగ, నానబెట్టిన సబ్జా గింజలు ఇస్తారు. వాటివల్ల నష్టమేమీ లేదు, కాలం మాత్రం పోతుంది. కొత్త కోడలైతే చుట్టుపక్కలవాళ్లు ఆ కమిలిన మచ్చలు చూసి ఇంకేదో అనుమానిస్తారు కూడా.

ఆ చుక్కల్ని ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టొచ్చు. పారదర్శకంగా ఉన్న గాజు గ్లాసు తీసుకుని చర్మం మీద గట్టిగా అదిమి, గాజులోంచి చూడాలి. దోమకాటు, దద్దురు లాంటివైతే ఒత్తిడికి రంగు పోయి చర్మం పాలిపోతుంది. ఎందుకంటే అక్కడి రక్తం ఇంకా నాళాల్లోనే ఉంది, ఒత్తితే పక్కకు జరుగుతుంది. చుక్క చెక్కుచెదరకుండా అలాగే కనిపిస్తే రక్తం నాళం దాటి చర్మంలోకి ఇంకిందని అర్థం. ఇలాంటి చుక్కలు ముందుగా పాదాల దగ్గర, పిక్కల మీద వస్తాయి. నిలబడినప్పుడు అక్కడి సన్ననాళాల మీద ఒత్తిడి ఎక్కువ. బిగుతుగా కట్టిన లంగా బొందు కింద కూడా వస్తాయి. నోటి లోపల, బుగ్గల వైపు ముదురు ఎరుపు రంగులో నెత్తుటి పొక్కులు లేస్తే మాత్రం మర్నాటి దాకా ఆగకూడదు.

హరూరు ప్రభుత్వాసుపత్రిలోనో, సేలంలోని ఓ ల్యాబులోనో రక్తపరీక్ష చేయిస్తే ప్లేట్‌లెట్ కౌంటు 14 వేలు వచ్చిందనుకుందాం. మామూలుగా మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాలి. అక్కడినుంచి ఇంటిల్లిపాదికీ ఒకటే మాట: డెంగీ.

ఆ అనుమానంలో తప్పేమీ లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ, తమిళనాట కూడా ప్లేట్‌లెట్ అనే మాటను జనానికి నేర్పింది డెంగీయే. బొప్పాయి ఆకు రసం, తమిళనాట నేలవేము కషాయం, ఊరూరా ప్లేట్‌లెట్ దాతల కోసం వాట్సాప్ సందేశాలు, అన్నీ ఆ జ్వరంతో వచ్చినవే. కానీ డెంగీలో జ్వరం ముందు వస్తుంది, ఒళ్లునొప్పులు తోడవుతాయి, కౌంటు కొన్ని రోజులు పడి, వారం పది రోజుల్లో దానంతటదే లేస్తుంది. మన అమ్మాయికి జ్వరమే లేదు. చుక్కలు తప్ప మనిషి దిట్టంగా ఉంది. తెల్లకణాలు, హిమోగ్లోబిన్ సరిగానే ఉన్నాయి. ఒక్క ప్లేట్‌లెట్లే కరువు. ఇలాంటి చిత్రం చూడగానే రక్తవ్యాధుల వైద్యుడికి తట్టే పేరు ఇమ్యూన్ థ్రాంబోసైటోపీనియా, పొట్టిగా ఐటీపీ.

2022లో నటి సమంత తనకు మయోసైటిస్ ఉందని బయటపెట్టాక 'ఆటోఇమ్యూన్' అనే మాట తెలుగు పాఠకుల ఇళ్లలోకి వచ్చింది. ఆమె జబ్బులో రోగనిరోధక వ్యవస్థ కండరాల మీద పడుతుంది. ఐటీపీలో ప్లేట్‌లెట్ల మీద పడుతుంది. బంధుత్వం అంతవరకే. ఐటీపీ అంటువ్యాధి కాదు, క్యాన్సర్ కాదు, సాధారణంగా తల్లిదండ్రుల నుంచి పిల్లలకు దిగే వంశవ్యాధి కూడా కాదు. ఏటా లక్షమంది పెద్దవాళ్లలో సుమారు ఇద్దరు నుంచి నలుగురికి కొత్తగా వస్తుందని పాశ్చాత్య దేశాల లెక్కలు చెబుతాయి. ఒక చిన్న ఊరిలో ఒక తరం గడిచినా ఒక్కరూ కనిపించకపోవచ్చు. అందుకే కనిపించినప్పుడు ఎవరికీ పోల్చుకోవడం తెలియదు.

ప్లేట్‌లెట్ అంటే పూర్తి కణం కాదు, కణం ముక్క. ఎముక మూలుగలో మెగాకారియోసైట్లనే పెద్ద పెద్ద కణాలు ఉంటాయి. అవి తమ ఒంటిని తునకలు చేసి రక్తంలోకి వదులుతాయి. ఒక్కొక్క తునక వెడల్పు రెండు మూడు మైక్రాన్లు. ఆరోగ్యవంతుడి మూలుగ రోజుకు సుమారు 10 వేల కోట్ల ప్లేట్‌లెట్లను తయారుచేస్తుంది. ఒక్కోటి ఎనిమిది నుంచి పది రోజులు బతుకుతుంది. మూడోవంతు ఎప్పుడూ ప్లీహంలో నిలవ ఉంటాయి. రక్తనాళానికి చిన్న గాటు పడగానే ఇవి అక్కడ అతుక్కుని, ఒకదానికొకటి అల్లుకుని రంధ్రం మూస్తాయి. ఇంత పనిచేసే ఈ తునకల్ని ఇటలీలోని టూరిన్‌లో జూలియో బిజోజెరో 1882లో స్పష్టంగా వర్ణించేదాకా వైద్యులు రక్తంలోని చెత్త అనుకున్నారు.

జబ్బు మాత్రం అంతకుముందే పుస్తకాలకెక్కింది. హానోవర్‌లో పాల్ గాట్లీబ్ వెర్లాఫ్ అనే వైద్యుడు 1735లో ఒక పదహారేళ్ల అమ్మాయి గురించి రాశాడు. ముక్కులోంచి, నోట్లోంచి రక్తం, ఒంటినిండా ఊదారంగు మచ్చలు. ఆమె కోలుకుంది కూడా. ఆ రోజుల్లో ఒంటిమీద మచ్చలు, చిగుళ్ల రక్తం అంటే నావికులకొచ్చే స్కర్వీ గుర్తొచ్చేది. స్కర్వీకి కారణం విటమిన్ సి లేకపోవడం. ఇక్కడ ధర్మపురికి ఒక పాత కథ ఉంది. ఈ ప్రాంతం సంగమ కాలంలో తగడూరు. దాన్ని ఏలిన అతియమాన్, తింటే దీర్ఘాయువు ఇచ్చే అరుదైన ఉసిరికాయ దొరికితే తాను తినకుండా కవయిత్రి అవ్వయ్యారుకు ఇచ్చాడంటారు. ఉసిరిలో విటమిన్ సి పుష్కలం. అది స్కర్వీని నిజంగా కుదురుస్తుంది. స్కర్వీలో ప్లేట్‌లెట్లు సరిపడా ఉంటాయి, నాళాల గోడలే బలహీనమవుతాయి, చుక్కలు వెంట్రుకల మొదళ్ల చుట్టూ లేస్తాయి. ఐటీపీలో నాళాలు బాగానే ఉంటాయి, ప్లేట్‌లెట్లు ఉండవు. అందువల్ల ఐటీపీ మనిషి ఉసిరికాయ తింటే రుచి దక్కుతుంది, కౌంటు పెరగదు. బొప్పాయి ఆకు సంగతీ అంతే. దాని మీద జరిగిన పరిశోధనలు ఎక్కువగా డెంగీ రోగుల్లో జరిగాయి. డెంగీలో కౌంటు ఎలాగూ లేచే రోజుల్లోనే రసం తాగుతారు కాబట్టి పేరు దానికి దక్కడం తేలిక.

ప్లేట్‌లెట్లు ఎందుకు తగ్గుతాయన్న ప్రశ్నకు ఇరవయ్యో శతాబ్దం సగం దాటేవరకు రెండు సమాధానాలు ఉండేవి. మూలుగ సరిగా తయారుచేయడం లేదని కొందరు, తయారైనవాటిని ప్లీహం మింగేస్తోందని కొందరు. రెండో పక్షం వాడే ప్రాగ్‌లోని పాల్ కాజ్నెల్సన్. అప్పటికింకా వైద్యవిద్యార్థి. 1916లో తన ప్రొఫెసరును ఒప్పించి, ఈ జబ్బుతో ఏళ్ల తరబడి బాధపడుతున్న ముప్పయ్యారేళ్ల స్త్రీకి ప్లీహం తీయించాడు. ఆమె మచ్చలు మాయమై, కౌంటు అమాంతం పెరిగింది. పట్టా చేతికి రాని కుర్రాడి మాట విని కత్తి పట్టిన ఆ ప్రొఫెసరు ష్లోఫర్‌ను కూడా మెచ్చుకోవాలి. ఈ ఆపరేషన్ ఇప్పటికీ వాడుకలో ఉంది.

కానీ ప్లీహం వాటిని ఎందుకు మింగుతుంది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవాడు తన ఒంటినే పరీక్షనాళికగా వాడుకున్నాడు. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలోని బార్న్స్ ఆసుపత్రిలో విలియం హారింగ్టన్, జేమ్స్ హాలింగ్స్‌వర్త్ యువ వైద్యులు. ఐటీపీ ఉన్న తల్లులకు పుట్టిన కొందరు పిల్లల్లో కూడా మొదటి కొన్ని వారాలు ప్లేట్‌లెట్లు తగ్గి, తర్వాత సర్దుకోవడం వైద్యులు గమనించారు. అంటే తల్లి రక్తం నుంచి బిడ్డకు ఏదో పదార్థం చేరుతోందన్నమాట. అది నిజమో కాదో తేల్చడానికి 1950లో హారింగ్టన్ ఒక ఐటీపీ రోగి రక్తాన్ని అర లీటరు తనకు ఎక్కించుకున్నాడు. రోగి బ్లడ్ గ్రూపు, అతని గ్రూపు కలిశాయి. కొద్ది గంటల్లో అతని ప్లేట్‌లెట్లు 10 వేల కిందికి పడిపోయాయి. మూర్ఛ వచ్చింది. ఒంటినిండా ఎర్రచుక్కలు, కమిలిన మచ్చలు. మెదడులో రక్తస్రావం అవుతుందేమోనని తోటివాళ్లు బెంబేలెత్తారు. ఐదు రోజులకు కౌంటు మళ్లీ మామూలుకు వచ్చింది. ఆ తర్వాత ప్రయోగశాలలోని మరికొందరు కూడా స్వచ్ఛందంగా ముందుకొచ్చారు. ఫలితాలు 1951లో అచ్చయ్యాయి. ఈరోజు ఏ నైతిక సంఘమూ ఇలాంటి ప్రయోగానికి అనుమతి ఇవ్వదు, ఇవ్వకూడదు కూడా. అయినా ఈ జబ్బు కారణం రక్తంలో ఉన్న ఒక పదార్థమని తేలింది ఆ వారంలోనే. 1960ల్లో ఆ పదార్థం ఐజీజీ జాతి యాంటీబాడీ అని రుజువైంది.

యాంటీబాడీలు మామూలుగా సూక్ష్మజీవుల కోసం తయారవుతాయి. ఐటీపీలో అవి ప్లేట్‌లెట్ పైపొరలోని కొన్ని ప్రోటీన్లకు అతుక్కుంటాయి. చిత్తేరి కొండల్లో నరకాల్సిన చెట్టుకు అటవీశాఖవాళ్లు గుర్తు వేసినట్టు, అవి ప్లేట్‌లెట్‌కు గుర్తు వేస్తాయి. ప్లీహంలోని మాక్రోఫేజ్ కణాలు ఆ గుర్తును పట్టుకుని ప్లేట్‌లెట్‌ను మింగేస్తాయి. పది రోజులు బతకాల్సింది గంటల్లో పోతుంది. అవే యాంటీబాడీలు మూలుగలోని తల్లికణాలను కూడా పట్టుకుని తయారీని మందగింపజేస్తాయని తర్వాత తెలిసింది. కాబట్టి 1950కి ముందటి రెండు పక్షాలూ కొంత కొంత నిజమే చెప్పాయి.

ఇప్పుడు మళ్లీ 14 వేల దగ్గరికి. ఆ అంకెను నమ్మాలా? వైద్యులు నిజానికి ఇక్కడే ఆగాలి, చాలాసార్లు ఆగరు. రక్తం గడ్డకట్టకుండా పరీక్షగొట్టంలో ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. కొందరి రక్తంలో ఆ రసాయనం తగలగానే ప్లేట్‌లెట్లు గుంపులు కడతాయి. లెక్కపెట్టే యంత్రం ఆ గుంపులను ప్లేట్‌లెట్లుగా గుర్తించలేక కౌంటు తక్కువ చూపిస్తుంది. మనిషి ఒంట్లో అన్నీ సరిగానే ఉంటాయి. గాజుపలక మీద రక్తపుచుక్క పరిచి, రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తే గుంపులు కంటికి కనిపిస్తాయి. సిట్రేటు గొట్టంలో మళ్లీ తీసిన నమూనా అసలు లెక్క చెబుతుంది. ఐదు నిమిషాల పని. ఇది చేయకుండా స్టెరాయిడ్ మొదలుపెడితే లేని జబ్బుకు మందు వేసినట్టు.

ఇంకో తికమక మన పొరుగు నుంచే వచ్చింది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు బెంగాల్, ఈశాన్య రాష్ట్రాల నుంచి రోగులు, వాళ్ల బంధువులు పెద్ద సంఖ్యలో వస్తారు. ఆ ప్రాంతపు రక్తదాతల కౌంటు తమిళనాడు దాతల కన్నా బాగా తక్కువ ఉండటం, ప్లేట్‌లెట్లు మాత్రం పెద్దవిగా ఉండటం అక్కడి వైద్యులు గమనించారు. వాళ్లకు రక్తస్రావం లేదు, ఏ ఇబ్బందీ లేదు. అది వాళ్ల పుట్టుక స్వభావం. దానికి హారిస్ ప్లేట్‌లెట్ సిండ్రోమ్ అని పేరు. హోసూరు ఫ్యాక్టరీల్లోనో హైదరాబాదు మేస్త్రీ పనుల్లోనో ఉన్న బెంగాలీ కుర్రాడికి కౌంటు లక్ష వచ్చిందని స్టెరాయిడ్లు ఇచ్చే ముందు ఈ సంగతి గుర్తుండాలి.

ఐటీపీని ఖాయం చేసే ఒక్క పరీక్ష అంటూ ఏదీ లేదు. కౌంటు లక్షకు తక్కువ ఉండాలి, మిగతా కారణాలు ఒక్కొక్కటే పక్కకు పోవాలి. ప్లీహం చేతికి తగిలేంత పెరిగితే ఐటీపీ కాకపోవచ్చు. మలేరియా, కాలేయ వ్యాధి, రక్త క్యాన్సర్ వెతకాలి. బరువు తగ్గడం, ఎముకల నొప్పి, మెడలో గడ్డలు, తెల్లకణాల లెక్క తేడా ఉంటే మూలుగ పరీక్ష తప్పదు, లేకపోతే చాలామందికి అది అక్కర్లేదు. గాజుపలక మీద పరిచిన రక్తంలో చితికిన ఎర్రకణాలు కనిపిస్తే అది టీటీపీ అనే మరో ప్రాణాంతక వ్యాధి కావచ్చు, దాని చికిత్స వేరు. హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు అందరికీ చేస్తారు. కీళ్లనొప్పులు, ముఖం మీద ఎర్రబారడం ఉన్న యువతుల్లో లూపస్ వెతుకుతారు. కడుపులో హెలికోబాక్టర్ పైలోరీ బాక్టీరియా ఉంటే దాన్ని చంపే మందులతోనే కొందరికి ప్లేట్‌లెట్లు పెరుగుతాయి.

విటమిన్ బి12, ఫోలిక్ ఆమ్లం తక్కువైనా మూలుగ చతికిలబడి ప్లేట్‌లెట్లు పడిపోతాయి. అప్పుడు సాధారణంగా హిమోగ్లోబిన్ కూడా తగ్గుతుంది, ఎర్రకణాలు పెద్దవవుతాయి. ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. పప్పు, ఆకుకూర సరిగా దక్కని మనిషి విషయంలో చవకగా నయమయ్యే ఈ కారణాన్ని వదిలేసి ఖరీదైన వ్యాధి పేరు పెట్టడం అన్యాయం.

మందుల చీటీలు కూడా వెనక్కి తిరగేయాలి. క్వినైన్ వేసుకున్నవాళ్లకు ఇలాంటి మచ్చలు వస్తాయని 1865 నాటికే రాశారు. క్షయకు వాడే రిఫాంపిసిన్, కో-ట్రైమాక్సజోల్ లాంటి సల్ఫా మందులు, మూర్ఛకు ఇచ్చే వాల్‌ప్రోయేట్ కొందరిలో కౌంటును పడగొడతాయి. మందు మార్చాలా వద్దా అన్నది వైద్యుడి నిర్ణయం. క్షయ మందును సొంతంగా ఆపేయడం ఇంకా పెద్ద ప్రమాదం. పొలం పల్లెల్లో మరొకటి: రక్తపింజరి కాటు వల్ల కూడా చిగుళ్ల నుంచి రక్తం వస్తుంది. శుభ్రమైన గాజుగొట్టంలో రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచితే, విషం ఎక్కినవాడి రక్తం గడ్డకట్టదు. ఐటీపీ రక్తం గడ్డకడుతుంది. గడ్డకట్టడానికి అవసరమైన ప్రోటీన్లు అందులో ఉన్నాయి కనుక.

పిల్లల సంగతి వేరుగా చెప్పుకోవాలి. రెండు నుంచి ఆరేళ్ల లోపు పిల్లవాడికి జలుబో జ్వరమో తగ్గిన రెండు మూడు వారాలకు హఠాత్తుగా ఒళ్లంతా చుక్కలు లేస్తాయి. కౌంటు ఐదు వేలో, అంతకన్నా తక్కువో ఉంటుంది. తల్లిదండ్రులు వణికిపోతారు, పిల్లవాడు మాత్రం ఆసుపత్రి వరండాలో పరుగులు తీస్తుంటాడు. చర్మం మీద చుక్కలు తప్ప ఇతర రక్తస్రావం లేకపోతే కౌంటు ఎంత తక్కువున్నా మందు ఇవ్వకుండా గమనించడమే మేలని అమెరికన్ హెమటాలజీ సంఘం 2019 మార్గదర్శకాలు చెబుతాయి. నూటికి ఎనభై మంది పిల్లల్లో ఏడాది లోపే జబ్బు దానంతటదే పోతుంది. మెదడులో రక్తస్రావం అయ్యేది వెయ్యిమందిలో ఒకరి నుంచి ఐదుగురి దాకా. ఏమీ చేయకుండా ఇంటికి పంపమని చెప్పే వైద్యుడికి ఆ ఊళ్లో మంచిపేరు రాదు. సెలైన్ ఎక్కించినవాడికి వస్తుంది.

పెద్దవాళ్లలో అంత సులువుగా పోదు. ఏడాది దాటితే దీర్ఘకాలిక ఐటీపీ అంటారు, పెద్దవాళ్లలో చాలామంది ఆ దారిలోకే వెళతారు. అయినా చికిత్స లక్ష్యం కౌంటును రెండు లక్షలకు చేర్చడం కాదు. 30 వేలు దాటి, రక్తస్రావం లేకపోతే చాలామందికి గమనిక సరిపోతుంది. అంతకన్నా తక్కువైతే, లేదా రక్తం కారుతుంటే స్టెరాయిడ్‌తో మొదలుపెడతారు. డెక్సామెథాసోన్ రోజుకు 40 మిల్లీగ్రాముల చొప్పున నాలుగు రోజులు, లేదా బరువును బట్టి ప్రెడ్నిసోలోన్ కొన్ని వారాలు. రెండూ చవకైన మందులే. అసలు చిక్కు ఆ చవకతనంతోనే. కౌంటు పెరిగిందన్న సంతోషంలో మనిషి అదే చీటీ చూపించి మందుల షాపులో నెలల తరబడి కొనుక్కుంటాడు. ముఖం ఉబ్బుతుంది, నిద్ర పట్టదు, షుగరు వస్తుంది, ఎముకలు గుల్లవుతాయి, ఒంట్లో నిద్రపోతున్న క్షయ లేచి కూర్చుంటుంది. ఆరు వారాలకు మించి స్టెరాయిడ్ సాగదీయకూడదని అవే మార్గదర్శకాలు అంటాయి. అలాగని రోగి ఒక్కరోజులో సొంతంగా ఆపేయకూడదు. మెల్లగా తగ్గించాలి.

రక్తం ఆగనప్పుడు, లేదా వెంటనే ఆపరేషన్ చేయాల్సి వచ్చినప్పుడు ఇమ్యునోగ్లోబులిన్‌ను నరంలోకి ఎక్కిస్తారు. ఇది వేలాది దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల ద్రవం. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో పాల్ ఇంబాక్ 1981లో పిల్లల్లో దీని ఫలితాలు ప్రకటించాడు. ఇది వచ్చి చేరగానే మాక్రోఫేజ్‌లు దీనితో తీరికలేకుండా అయిపోయి ప్లేట్‌లెట్లను వదిలేస్తాయి. రెండు మూడు రోజుల్లో కౌంటు లేస్తుంది, కొన్ని వారాల్లో మళ్లీ దిగుతుంది. 60 కిలోల మనిషికి ఒక్క మోతాదుకే 60 గ్రాములు, అంటే ఐదు గ్రాముల సీసాలు పన్నెండు. కౌంటు తక్కువుందన్న ఒక్క కారణంతో, రక్తం కారకపోయినా, అప్పుచేసి ఇది ఎక్కించుకున్న కుటుంబాలు తమ వైద్యుణ్ని కారణం అడగాల్సింది. దాతల ప్లేట్‌లెట్ల సంగతీ అంతే. ఎక్కించినవి కూడా అదే ప్లీహంలో గంటల్లో పోతాయి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మిగతా మందులతో కలిపి ఇస్తారు తప్ప, డెంగీ వార్డు అలవాటుతో సంచుల మీద సంచులు ఎక్కించడం దండగ.

స్టెరాయిడ్ ఆపగానే కౌంటు మళ్లీ పడిపోయేవాళ్లకు ఇప్పుడు దారులున్నాయి. మూలుగను ప్లేట్‌లెట్లు తయారుచేయమని ప్రేరేపించే హార్మోను థ్రాంబోపోయిటిన్‌ను 1994లో గుర్తించారు. దానిలా పనిచేసే మందులు రోమిప్లోస్టిమ్, ఎల్‌ట్రాంబోపాగ్ 2008లో అమెరికాలో అనుమతి పొందాయి. మన దేశంలోనూ దొరుకుతున్నాయి. మొదటిది వారానికొక సూది, రెండోది రోజూ మాత్ర. ఎల్‌ట్రాంబోపాగ్ తీసుకునేవాళ్లు తిండి విషయంలో ఒక్కటి గుర్తుంచుకోవాలి. పాలు, పెరుగు, మజ్జిగలోని కాల్షియం ఆ మందును కడుపులోనే కట్టేస్తుంది. వాటికి కనీసం రెండు గంటల ముందు, లేదా నాలుగు గంటల తర్వాత మాత్ర వేసుకోవాలి. పెరుగన్నంతో మాత్ర మింగి మందు పనిచేయలేదనుకునేవాళ్లకు మోతాదు పెంచుకుంటూ పోవడం కన్నా వేళ మార్చడం మేలు. కాలేయ పరీక్షలు కూడా మధ్యమధ్యలో కావాలి. రిటుక్సిమాబ్ అనే సూది యాంటీబాడీలు తయారుచేసే వంశపు కణాలను తొలగిస్తుంది. దాని ముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరి.

ప్లీహం తీసే ఆపరేషన్ మూడింట రెండొంతుల మందికి ఏళ్ల తరబడి ఫలితమిస్తుంది. నెలనెలా ఖరీదైన మాత్రలు కొనలేని కూలీ కుటుంబానికి అది చౌకబారు ప్రత్యామ్నాయం కాదు, సరైన వైద్యమే కావచ్చు. కానీ జబ్బు దానంతటదే తగ్గే అవకాశం ఉంది కాబట్టి మొదటి ఏడాది ఆగడం మంచిది. ఆపరేషన్‌కు ముందే న్యూమోకాకస్, మెనింగోకాకస్, హిమోఫిలస్ టీకాలు వేయాలి. ప్లీహం లేనివాళ్లకు జ్వరం వస్తే పారాసెటమాల్ వేసి మూడు రోజులు చూడటం కుదరదు. అదే రోజు ఆసుపత్రిలో ఉండాలి, తనకు ప్లీహం లేదని అక్కడ మొదటి మాటగా చెప్పాలి.

రోజువారీ బతుకులో జాగ్రత్తలు కొన్నే. ఒళ్లునొప్పులకు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వాడకూడదు. అవి ఉన్న కొద్ది ప్లేట్‌లెట్లను కూడా పనిచేయనివ్వవు. పారాసెటమాల్ పరవాలేదు. పిరుదుకో భుజానికో సూది వేయించుకోకూడదు. కండరంలో రక్తం గడ్డకట్టి ఉబ్బుతుంది. పల్లెల్లో ఇది చెప్పినంత తేలిక కాదు, సూది వేయని వైద్యుడు వైద్యుడే కాడని నమ్మే ఊళ్లు ఇంకా ఉన్నాయి. నెలసరి ఎక్కువైతే ట్రానెక్సామిక్ ఆమ్లం మాత్రలు ఉపయోగపడతాయి, ఐరన్ తగ్గిందేమో చూడాలి. బండి మీద హెల్మెట్ తప్పదు. తీవ్రమైన తలనొప్పి, వాంతులు, మగత, తారులాంటి నల్లటి విరేచనం, మూత్రంలో రక్తం, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయాల్సిందే. ఏ. పళ్లిపట్టి వైపు నుంచైతే సేలం, ధర్మపురి ప్రభుత్వ వైద్య కళాశాలలు దగ్గర. రక్తవ్యాధుల ప్రత్యేక విభాగం కావాలంటే వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఉంది.

పెళ్లి, పిల్లలు వద్దని ఈ అమ్మాయిలకు ఎవరైనా చెబితే నమ్మక్కర్లేదు. గర్భిణిగా ఉన్నప్పుడు కౌంటును తరచుగా చూస్తారు, అవసరమైతే ప్రెడ్నిసోలోన్, ఇమ్యునోగ్లోబులిన్ ఇస్తారు. కాన్పు నాటికి 50 వేలు దాటేలా చూస్తారు. వెన్నులోకి మత్తు సూది ఇవ్వాలంటే 70 వేల పైన కోరుకుంటారు. పుట్టిన బిడ్డ కౌంటును మొదటి వారంలో గమనిస్తారు. హారింగ్టన్‌కు ఆధారం ఇచ్చిన ఆ శిశువుల్లాగే, తల్లి యాంటీబాడీలు కరిగిపోయాక చాలామంది పిల్లలు మామూలుగా అయిపోతారు.

40 వేల కౌంటుతో ఏళ్ల తరబడి పొలం పని, ఇంటి పని, ఉద్యోగం చేసుకుంటూ, ఒంటిమీద ఒక్క చుక్క కూడా లేకుండా తిరిగే ఐటీపీ మనుషులు ఉన్నారు. అలాంటివాళ్లు ప్రతి వారం కౌంటు తీయించుకుని, అంకె రెండు వేలు తగ్గిందని రాత్రంతా మేలుకోనక్కర్లేదు. వాళ్లకు మందు అవసరం లేదు. వైద్యుడు చెప్పిన గడువులో ఒక పరీక్ష, రక్తం కనిపిస్తే వెంటనే ఆసుపత్రి, అంతే చాలు.